ఈతకొలనులో ఉప్పు - క్లోరిన్

ఈతకొలనులోని నీరు తేటగా, నీలముగా కనబడినంత మాత్రమున అది శుభ్రమైనదని చెప్పుటకు వీలులేదు. ఈదువారి శరీరముల నుండి చెమట, నూనె, మట్టి, వాటితోపాటు కంటికి కనబడని సూక్ష్మజీవులు నీటిలో చేరుచునే యుండును. ఏటినీరు పారిపోవును, కొలనులోనిది అదే నీరు, నెలల తరబడి. వడపోత వలన మురికి పోవునుగాని సూక్ష్మజీవులన్నియు పోవు. కావున వాటిని చంపగల పదార్థమేదైనను నీటిలో ఎల్లప్పుడు కొంత మిగిలియుండవలెను. ఈ పనికి క్లోరిన్‌ను వాడుట అమెరికాలోని జెర్సీ సిటీ నగరపు త్రాగునీటి సరఫరాలో 1908వ సంవత్సరమున చేపట్టబడి, క్రమముగా లోకమంతట వ్యాపించినది.

కొలనులో క్లోరిన్‌ను కలుపుటకు సాధారణముగా హైపోక్లోరైటు పొడినో, ద్రావణమునో కొనితెచ్చి పోయుదురు. దీనికి బదులు నీటిలో ఉప్పు కరిగించి, ఆ ఉప్పు నుండియే క్లోరిన్‌ను అక్కడికక్కడ తయారుచేయు పరికరము కలదు. ఆస్ట్రేలియాలో ఇంటి కొలనులకు ఇది విరివిగా వాడుకలో నున్నది. అక్కడను, అమెరికాలోను స్థిరపడిన మన తెలుగువారి ఇండ్లలో సైతము కొన్నిట ఇట్టి కొలనులు కలవు. ఈ పరికరమును ఇంటివారు తామే అమర్చుకొనవచ్చునా? గొట్టముల పనియు, ఉప్పు లెక్కయు చేతనైనవారు చేసికొనవచ్చును. ఇంటి విద్యుత్తుకు కలుపుట మాత్రము లైసెన్సు గల ఎలక్ట్రీషియను పని. ఇట్లు విభజించుటకు గల కారణమును తెలిసికొనవలెనన్న ముందుగా ఆ గొట్టములో ఏమి జరుగునో చూడవలెను.

ఉప్పు క్లోరిన్‌గా మారు విధము

మనము వాడు ఉప్పు సోడియం క్లోరైడు. నీటిలో కరిగినప్పుడు అది సోడియం అయానులుగను, క్లోరైడు అయానులుగను విడిపోవును. ఆ నీటిలో రెండు పలకలను నిలిపి ఏకముఖ విద్యుత్తును పంపినచో ధనపలక వద్ద క్లోరైడు అయానులు ఎలక్ట్రానులను కోల్పోయి క్లోరిన్‌గా మారును. ఋణపలక వద్ద సోడియం విడివడదు. నీరే విడిపోయి ఉదజని, అనగా హైడ్రోజన్ వాయువు, బుడగలుగా పైకి వచ్చును. హైడ్రాక్సైడు అయానులు నీటిలో మిగులును. ఈ హైడ్రాక్సైడుతో క్లోరిన్ కలిసి హైపోక్లోరైటు ఏర్పడును. మొత్తము చర్యను ఇట్లు వ్రాయవచ్చును:

సోడియం క్లోరైడు + నీరు → సోడియం హైపోక్లోరైటు + ఉదజని

ఈ హైపోక్లోరైటు కొలనులో సూక్ష్మజీవులతోను, మలినములతోను చర్య జరిపియో, సూర్యకాంతికి విడిపోయియో, తిరిగి క్లోరైడుగా మారును. అనగా ఉప్పు ఖర్చుకాక తిరిగి తిరిగి పనిచేయుచుండును. నీరు చిమ్ముటచేతను, వడపోత యంత్రమును కడిగి నీటిని వదలుటచేతను, వాన నీరు నిండి పొర్లుటచేతను పోయిన ఉప్పును మాత్రమే మరల చేర్చవలెను. నీరు ఆవిరియైనపుడు ఉప్పు పోదు.

దీనినిబట్టి ఒక అపోహ తొలగిపోవలెను. “ఉప్పు కొలనులో క్లోరిన్ ఉండదు” అని కొందరందురు. అది సరికాదు. సీసాలో వచ్చు హైపోక్లోరైటునకును, గొట్టములో తయారగు హైపోక్లోరైటునకును గుణములో భేదము లేదు. కొనితెచ్చుట, మోయుట, నిలువచేయుట మాత్రమే తప్పినవి. కొలనులో క్లోరిన్ ఎంత యున్నదో పరీక్షించుట తప్పలేదు.

ఇక పలకల సంగతి. సామాన్య లోహమును ధనపలకగా వాడినచో అది త్వరలో తినివేయబడును. గ్రాఫైటు కొంతకాలము ఆగినను క్రమముగా అరిగి రాలిపోవును. టైటానియంపై రుథీనియం ఆక్సైడు పూతనిచ్చు పద్ధతిని 1965లో హెన్రీ బీర్ కనుగొనిన పిమ్మట ఈ చిక్కు చాలవరకు తీరినది. నేటి పరికరములలో నున్నవి రుథీనియం, ఇరిడియం వంటి లోహముల ఆక్సైడులను పూసిన టైటానియం పలకలే. అయినను ఆ పూత శాశ్వతము కాదు. కొన్ని సంవత్సరములకు పలకలను మార్చవలసియే యుండును.

ఉప్పు లెక్క, క్లోరిన్ లెక్క

ఒక కొలను పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు 1.5 మీటర్లు అనుకొందము. దాని ఘనపరిమాణము 48 ఘనమీటర్లు, అనగా 48,000 లీటర్లు. చాల పరికరములకు లీటరుకు 3 నుండి 4 గ్రాముల ఉప్పు చాలును. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాములుండును గనుక కొలను నీరు అందులో పదవ వంతు మాత్రమే ఉప్పన. పరికరమునకు 3.2 గ్రాములు కావలెననియు, నీటిలో ముందే 0.4 గ్రాము కలదనియు అనుకొన్నచో, చేర్చవలసినది లీటరుకు 2.8 గ్రాములు. మొత్తము 134.4 కిలోగ్రాములు. ముందుగా నీటిని పరీక్షింపక బస్తాలు గుమ్మరించుట తగదు. ఎక్కువైన ఉప్పును తీయుటకు నీటిని పారబోయుట తప్ప సులభమైన మార్గము లేదు. ఆ ఉప్పునీరు తోటలోనికి పారినచో మొక్కలకును, నేలకును చేటు.

కొలను గోడలకు క్రొత్తగా సిమెంటు పూత వేసియున్నచో సుమారు నెల దినములు గడచిన పిమ్మటనే ఉప్పు వేయవలెను. వంటింటి అయొడిన్ ఉప్పు దీనికి పనికిరాదు. అయొడిన్ లేని, గడ్డకట్టకుండ వేరే మందులు కలుపని శుద్ధమైన ఉప్పు కావలెను. పంపును నడిపించుచు, పరికరమును మాత్రము ఆపియుంచి, ఉప్పును కొలను పొడుగున చల్లి, బ్రష్షుతో కలియబెట్టి, ఒక దినమంత నీటిని త్రిప్పవలెను. అటుపిమ్మట మరల పరీక్షించి పరికరమును నడుపవలెను.

ఇక క్లోరిన్. ఫారడే నియమము ప్రకారము 96,500 కూలుంబుల విద్యుత్తు 35.5 గ్రాముల క్లోరిన్‌ను విడుదల చేయును. ఒక ఆంపియరు ఒక గంటసేపు ప్రవహించిన 3,600 కూలుంబులు. దానికి క్లోరిన్ 1.32 గ్రాములు. పలకలను వరుసగా నిలిపి, ఒకే ప్రవాహమును 5 సందుల గుండ పంపినచో ఒక్కొక్క సందులో అంతంత తయారగును. 4 ఆంపియరులతో గంటకు 26 గ్రాములు లెక్కకు రావలెను. కాని ధనపలక వద్ద కొంత ప్రాణవాయువు కూడ వెలువడుట చేతను, తయారైన హైపోక్లోరైటులో కొంత ఋణపలక వద్ద చెడుట చేతను, చేతికి వచ్చునది తగ్గును. దానిని 20 గ్రాములనుకొందము. మన కొలనులో లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్లోరిన్ చేరవలెనన్న 96 గ్రాములు కావలెను. అనగా పరికరము సుమారు 5 గంటలు నడువవలెను.

అసలు ప్రమాద మెక్కడ?

ఇదే లెక్కను ఉదజనికి వేసి చూడుడు. 20 గ్రాముల క్లోరిన్‌తోపాటు వెలువడు ఉదజని బరువులో అర గ్రాముకు కొంచెము ఎక్కువ మాత్రమే. కాని దాని పరిమాణము సామాన్య ఉష్ణోగ్రతవద్ద దాదాపు 7 లీటర్లు! నీరు పారుచున్నంతకాలము ఈ బుడగలు కొలనులోనికి కొట్టుకొనిపోయి గాలిలో కలిసిపోవును, హాని లేదు. పంపు ఆగి, విద్యుత్తు మాత్రము ప్రవహించుచున్నచో ఈ వాయువు మూసియున్న గొట్టములో నిలిచిపోవును. గాలిలో నూటికి 4 పాళ్ల నుండి 75 పాళ్ల వరకు ఉదజని యున్నచో ఆ మిశ్రమము నిప్పురవ్వ తగిలిన పేలగలదు. అంతేగాక నిలిచిన నీటిలో క్లోరిన్ గాఢత విపరీతముగా పెరిగి, పంపు తిరిగి నడిచినపుడు ఒక్కసారిగా కొలనులోనికి వచ్చును.

కావున ఈ పరికరమునంతటిని ఒక్క సూత్రమునకు లోబరచి అమర్చవలెను: నీరు ఆగిన విద్యుత్తు ఆగవలెను. దీనికి రెండు కాపుదలలు కలవు. ఒకటి, నీటి ప్రవాహమును గుర్తించు స్విచ్చి. రెండవది, పంపునకు విద్యుత్తు అందినప్పుడు మాత్రమే పరికరమునకును అందునట్లు తీగెలను కలుపుట. ఒకటి యున్నది గదా యని రెండవదానిని మానరాదు. “ప్రవాహము లేదు” అని పరికరము మాటిమాటికి ఆగిపోవుచున్నదని స్విచ్చి తీగెలను ముడివేసి మోసగించుట అన్నిటికంటె చెడ్డపని. అది ఆగుటకు కారణము మురికిపట్టిన వడపోతయో, సగము మూసిన కవాటమో అయియుండును. దానిని వెదకి సరిచేయవలెను.

అమర్చు క్రమము

నీరు నడచు దారి ఇట్లుండవలెను: కొలను, పంపు, వడపోత యంత్రము, నీరు కాచు యంత్రమున్నచో అది, చివరగా క్లోరిన్ గొట్టము, మరల కొలను. క్లోరిన్ గొట్టము చివర నుండుటకు కారణము కలదు. అందుండి వచ్చు నీటిలో క్లోరిన్ ఎక్కువ. అది నీరు కాచు యంత్రములోని లోహమును తినివేయును. ఆ నీరు వెనుకకు రాకుండ నడుమ ఒకవైపు కవాటమును పెట్టుదురు.

పని మొదలుపెట్టుటకు ముందు పంపునకు విద్యుత్తును మెయిన్ వద్దనే ఆపి, కవాటములు మూసి, గొట్టములోని ఒత్తిడిని వదలవలెను. పి.వి.సి. గొట్టమును కోయుటకు ముందు రెండుసార్లు కొలుచుట మేలు. కోసిన అంచులను నునుపుచేసి, తుడిచి, జిగురు పూసి గట్టిగా నొక్కిపట్టవలెను. జిగురు డబ్బాపై వ్రాసినంత కాలము ఆరనిచ్చిన పిమ్మటనే నీటిని వదలవలెను. క్లోరిన్ గొట్టమును మరలతో విప్పదీయు వీలుండునట్లు బిగింపవలెను. శుభ్రపరచుటకు దానిని తరచుగా తీయవలసియుండును. ప్రవాహపు స్విచ్చిమీది బాణపుగుర్తు నీరు పోవు దిక్కునే చూపవలెను. దానికి ముందు గొట్టము కొంతదూరము వంపులేక తిన్నగా నుండవలెను. వంపు వద్ద సుళ్లు తిరుగు నీరు స్విచ్చికి తప్పుడు సూచన నిచ్చును.

ఇక్కడికి ఇంటివాని పని ముగిసినది. ఆస్ట్రేలియాలో ఇంటి విద్యుత్తు తీగెల పనిని లైసెన్సు లేనివారు చేయుట చట్టవిరుద్ధము. చట్టము మాట యటుంచి, తడిసిన శరీరమునకు విద్యుత్తును అడ్డగించు శక్తి చాల తక్కువ. పలకలకు అందునది కొద్ది పదుల వోల్టులే యైనను, ఆ పెట్టెలోనికి వచ్చునది 230 వోల్టులు. నేలకు కరెంటు ఏ కొంచెము కారినను సరఫరాను వెంటనే తెంచు ఆర్.సి.డి. అను రక్షక స్విచ్చియు, కొలను చుట్టునున్న లోహభాగములను ఒకే తీగెతో కలుపుటయు తప్పనిసరి. అమెరికాలో విద్యుత్తు 120 లేక 240 వోల్టులు, సెకనుకు 60 ఆవర్తనములు. మన దేశమునను, ఆస్ట్రేలియాలోను 230 వోల్టులు, 50 ఆవర్తనములు. కావున ఒక దేశమున కొన్న పరికరమును మరియొక దేశమున వాడబోవువారు దానిపైని పలకను చదువక కలుపరాదు.

తరువాతి పోషణ

హైపోక్లోరైటు నీటిలో హైపోక్లోరస్ ఆమ్లముగను, హైపోక్లోరైటు అయానుగను రెండు రూపములలో నుండును. సూక్ష్మజీవులను చంపుటలో మొదటిది చాల సమర్థము. పి.హెచ్. 7 వద్ద మొత్తములో సుమారు ముప్పాతిక భాగము, 7.5 వద్ద సగము, 8 వద్ద పాతిక భాగము మాత్రమే ఆమ్లరూపమున నుండును. పరికరము గంటలకొలది నడచినను పి.హెచ్. పెరిగిపోయినచో ఫలితము తగ్గునన్నమాట. ఉదజని బుడగలు నీటిలోని బొగ్గుపులుసు వాయువును వెంటబెట్టుకొనిపోవుటచే ఇట్టి కొలనులలో పి.హెచ్. పెరుగుచుండుట సహజము. దీనిని సరిచేయుటకు కొలది కొలదిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లమును వాడుదురు. అమెరికాలోని వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రములు పి.హెచ్. 7.0 నుండి 7.8 వరకును, క్లోరిన్ లీటరుకు కనీసము 1 మిల్లీగ్రామును ఉండవలెనని చెప్పుచున్నవి. ఎండకు క్లోరిన్ విడిపోకుండ సయనూరిక్ ఆమ్లము కలిపినచో కనీసము 2 మిల్లీగ్రాములు కావలెను.

ఋణపలక వద్ద క్షారగుణము హెచ్చుటచే కఠినజలములోని కాల్షియం కార్బొనేటు తెల్లని పొరగా పేరుకొనును. చాల పరికరములు అప్పుడప్పుడు ధన ఋణ పలకలను తారుమారు చేసి దానిని రాల్చివేయును. మిగిలిన పొరను తీయుటకు గొట్టమును విప్పి, ఆరుబయట, కండ్లద్దములు, చేతితొడుగులు ధరించి, విలీన ఆమ్లముతో కడుగవలెను. ఆమ్లమును నీటిలో పోయవలెనుగాని నీటిని ఆమ్లములో పోయరాదు. ఆమ్లమును హైపోక్లోరైటు దరికి రానీయరాదు. రెండును కలిసిన విషవాయువైన క్లోరిన్ వెలువడును.

తరగతిలో ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ చర్యను సులభముగా చూపవచ్చును. ఒక గాజు గిన్నెలో ఉప్పునీరు పోసి, రెండు పెన్సిలు ముల్లులను ముంచి, వాటిని 9 వోల్టుల బ్యాటరీకి కలుపవలెను. ఋణధ్రువము వద్ద ఉంచిన ఎఱ్ఱ లిట్మసు కాగితము నీలమగును. ధనధ్రువము వద్ద లిట్మసు రంగు వెలిసిపోవును. పొటాసియం అయొడైడు, గంజి పూసిన కాగితము అక్కడ నల్లనీలమగును. కిటికీలు తెరచియుంచి, ఒకటి రెండు నిమిషములకే ముగింపవలెను. గిన్నెపై మూత పెట్టరాదు. మూత ఎందుకు పెట్టరాదో విద్యార్థుల చేతనే చెప్పించుట మంచిది. ఆ కారణమును చెప్పగలవారికి కొలనులో ప్రవాహపు స్విచ్చి ఎందుకున్నదో వేరుగా చెప్పనక్కరలేదు.