బుల్లెట్‌ను చాపర్‌గా మార్చుకోవాలా? కటింగ్ మెషీన్ పట్టే ముందు ఆర్‌సీ చూడండి

ముందు చక్రం ఎక్కడో దూరంగా, హ్యాండిల్ భుజాల ఎత్తులో, సీటు నేలకు దగ్గరగా ఉండే చాపర్ బైక్ సిగ్నల్ దగ్గర ఆగిందంటే చుట్టూ ఉన్న తలలన్నీ అటే తిరుగుతాయి. సెకండ్ హ్యాండ్‌లో ఓ పాత బుల్లెట్ కొని అలా చేయించుకుందామని చాలామందికి ఉంటుంది. హైదరాబాద్ పుత్లీబౌలికో, విజయవాడ ఆటోనగర్‌కో వెళ్లి అడిగితే ‘అయిపోతుందన్నా’ అనేవాళ్లు దొరుకుతారు. నిజంగానే అయిపోతుంది. అసలు చిక్కు ఆ బండి రోడ్డెక్కాక మొదలవుతుంది.

మరి బైకులో ఏం మార్చుకోవచ్చు? ఏది మారిస్తే నేరం? మోజు తీరాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

చాపర్ వేరు, బాబర్ వేరు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, కుర్రాళ్లు బరువైన బైకుల మడ్‌గార్డులు కోసేసి, అక్కర్లేదనుకున్నవన్నీ విప్పేసి తేలిక చేసుకునేవారు. అవే బాబర్లు. తర్వాత కొందరు అక్కడితో ఆగకుండా ఫ్రేమునే కోసి, ముందు ఫోర్కులు పొడిగించారు. ‘చాప్’ అంటే నరకడం. చాపర్ అనే పేరు అలా వచ్చింది. 1969లో వచ్చిన ‘ఈజీ రైడర్’ సినిమా ఈ బైకులను ప్రపంచమంతా చూసేలా చేసింది. ఆ సినిమా బైకుల వెనుక ఉన్న క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే ఇద్దరు నల్లజాతి నిపుణుల పేర్లు మాత్రం చాలా ఏళ్లు పెద్దగా ఎవరికీ తెలియలేదు.

ఈ తేడా ఎందుకు చెప్పుకోవాలంటే, బాబర్‌లో పైపైన ఉన్నవి పోతాయి, చాపర్‌లో బండి అస్థిపంజరమే మారుతుంది. మన చట్టం గీసిన గీత కూడా దాదాపు అక్కడే ఉంది.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. బండి మౌలిక స్వరూపం మారిపోయేలా నిర్మాణంలో చేసే మార్పునే చట్టం ‘ఆల్టరేషన్’ అంటోంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. రాష్ట్రాల నిబంధనలు ఎలా ఉన్నా సెక్షన్ 52దే పైచేయి అని తేల్చింది.

అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో సెక్షన్ 182ఏ వచ్చింది. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. ఫ్రేము, ఫోర్కు, ఇంజిన్ అంటూ విడివిడిగా లెక్కపెడితే ఎంతవుతుందో మీరే చూసుకోండి.

నంబర్ ఉన్న చోటే కోత

ఫోర్కులు ముందుకు చాచాలంటే స్టీరింగ్ మెడ కోణం మార్చాలి. మామూలు బైకుల్లో ఇది 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే, చాపర్లలో 35 దాటుతుంది. అందుకోసం హ్యాండిల్ కింద ఫ్రేమును కోసి, కొత్త కోణంలో మళ్లీ వెల్డింగ్ చేస్తారు. బుల్లెట్‌తో సహా చాలా బైకుల్లో చాసిస్ నంబర్ ముద్రించి ఉండేది సరిగ్గా ఆ మెడ మీదే. అక్కడ గ్రైండర్ పెడితే బండి గుర్తింపే చెరిగిపోయే ప్రమాదం ఉంది.

15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్తే ఇన్‌స్పెక్టర్ ముందుగా చూసేది ఆ నంబరే. అది కనిపించకపోయినా, చుట్టూ కొత్త వెల్డింగ్ ఉన్నా దొంగబండి అనే అనుమానం వస్తుంది. పాత బుల్లెట్ మీద మోజుపడేవాళ్లు ఈ సంగతి తప్పకుండా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆ బండ్లలో చాలావాటికి రెన్యువల్ గడువు ఎంతో దూరంలో ఉండదు.

నడిపేటప్పుడు కూడా తేడా తెలుస్తుంది. హైవే మీద చాపర్ గీత గీసినట్టు నేరుగా పోతుంది. ట్రాఫిక్‌లో నెమ్మదిగా వెళ్లేటప్పుడు మాత్రం ముందు చక్రం పక్కకు వాలిపోతుంటుంది, యూటర్న్‌కు రోడ్డు వెడల్పు సరిపోదు. గుంతలో పడిన ప్రతిసారీ దెబ్బ ఆ వెల్డింగ్ మీదే పడుతుంది.

ప్రమాదం జరిగితే?

జరిమానా కట్టి బయటపడొచ్చు అనుకునేవాళ్లు బీమా సంగతి మర్చిపోతారు. మార్పుల గురించి చెప్పకుండా పాలసీ తీసుకుంటే, సర్వేయర్ వచ్చి చూసిన రోజు సొంత డ్యామేజీ క్లెయిమ్‌ను తిరస్కరించే అవకాశం ఉంది. ఎదుటి మనిషికి దెబ్బలు తగిలి వ్యవహారం ట్రైబ్యునల్ దాకా వెళ్తే, పాలసీ షరతులు ఉల్లంఘించారని వాదించే అవకాశాన్ని మీరే బీమా కంపెనీ చేతికి ఇచ్చినట్టు అవుతుంది. ఇంట్లోవాళ్లకు చెప్పకుండా బండి చేయించుకునేవాళ్లు ఆలోచించాల్సింది ముందుగా దీని గురించే.

ఏవి మార్చుకోవచ్చు?

గ్రిప్పులు, సీటు కవరు, ట్యాంక్ ప్యాడ్, నిబంధనలకు సరిపోయే అద్దాల్లాంటి వాటితో సాధారణంగా ఇబ్బంది ఉండదు. హ్యాండిల్ కొంచెం ఎత్తుది వేయించుకుంటే క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్లు, బ్రేక్ హోస్ కూడా ఆ పొడవుకు మార్పించండి. పాత కేబుల్‌నే లాగి బిగిస్తే మలుపులో హ్యాండిల్ తిప్పినప్పుడు అది బిగుసుకుంటుంది. బైక్‌కు ఏబీఎస్ ఉంటే దాని వైర్లు తీసేయనివ్వకండి.

రంగు ఆర్‌సీలో నమోదై ఉంటుంది, కాబట్టి ఒక రంగు నుంచి మరో రంగుకు మారుస్తుంటే ముందే ఆర్టీఏలో దరఖాస్తు చేయాలి. ఇంజిన్ పాడైతే అనుమతి తీసుకుని అదే రకం ఇంజిన్ వేయించుకోవచ్చు. 350 సీసీ బండికి 500 సీసీ ఇంజిన్ కుదరదు. బండి మీద లోన్ ఉంటే ఫైనాన్స్ సంస్థ రాతపూర్వక అంగీకారం కూడా కావాలి.

సైలెన్సర్ కథ వేరు. 175 సీసీ దాటిన బైకులకు తయారీ దశలో శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. చప్పుడు కోసం సైలెన్సర్ మారిస్తే సెక్షన్ 190 కింద రూ.10,000 వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు ఉండొచ్చు, లైసెన్సుకూ ఎసరు రావచ్చు. రోడ్డు రోలర్ కింద పోలీసులు సైలెన్సర్లు తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు.

చాలామందికి తెలియనిది శారీ గార్డు సంగతి. వెనుక కూర్చునేవారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే రక్షణ, చేత్తో పట్టుకునే పట్టు, కాళ్లు పెట్టుకునే రెస్టులు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 123 చెబుతోంది. బాబర్ లుక్ కోసం మెకానిక్ మొదట విప్పేసేది ఆ గార్డునే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆ ఆకారమే కావాలనుకుంటే కంపెనీయే అలా తయారుచేసిన బైక్ కొనడం తేలిక. జావా పెరాక్, జావా 42 బాబర్, 2024 నవంబర్‌లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ గోవన్ క్లాసిక్ 350 ఈ కోవకు చెందినవే. అన్ని పరీక్షలూ అయ్యాకే ఇవి షోరూముకు వస్తాయి కాబట్టి ఆర్‌సీలోనూ అదే రూపం ఉంటుంది.

పాత బండే కొంటానంటే డబ్బు ఇచ్చే ముందు ఆర్‌సీ చేతిలో పట్టుకుని చాసిస్, ఇంజిన్ నంబర్లు సరిచూసుకోండి. నంబర్ మీద మందంగా పెయింట్ ఉంటే గీకి చూపించమనండి. లోన్, చలాన్లు ఏమైనా మిగిలాయేమో ఆన్‌లైన్‌లో చూడండి. తర్వాత చేయించాలనుకున్న మార్పులను కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన ‘ఆర్‌సీలో ఉందా?’ అని రాసుకోండి. ఉన్నవాటికి ఆర్టీఏ అనుమతి వచ్చాకే మెకానిక్‌కు అడ్వాన్స్ ఇవ్వండి. ముందే పని అయిపోయి ఉంటే 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలని సెక్షన్ 52 చెబుతోంది. అయితే చెప్పినంత మాత్రాన కోసిన ఫ్రేముకు ఆమోదం వస్తుందని అనుకోవద్దు. విప్పిన ఒరిజినల్ పార్టులు మాత్రం పాత సామాన్లవాడికి అమ్మకండి. రెన్యువల్‌కైనా, బండి అమ్మడానికైనా అవి మళ్లీ కావాలి.

ఫ్రేము కోసి తీరాల్సిందే అంటే అది ప్రదర్శనకు పనికొచ్చే బండి. మీ సొంత స్థలంలో నడుపుకోవచ్చు, షోకు తీసుకెళ్లాలంటే ట్రాలీ మీద తీసుకెళ్లాలి. కొత్త డిజైన్‌ను చట్టబద్ధంగా రోడ్డు మీదకు తేవాలంటే పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో ప్రొటోటైప్ పరీక్ష నెగ్గాలి. అది తయారీ కంపెనీల కోసం పెట్టిన దారి, ఒక్క బండి చేయించుకునేవారికి దాని ఖర్చు బండి ధరను ఎప్పుడో దాటిపోతుంది.