మూలికా చూర్ణంలో దాగిన మందును పట్టే పరీక్ష

విజయనగరం సమీపంలోని రామతీర్థం కొండ దిగువన, ఉత్సవ దినాలలో ఒక మూలికల అంగడిలో మా పెద్దమ్మగారు మోకాళ్ళ నొప్పులకు చూర్ణం కొన్నారు. మూడవనాటికే నొప్పి మాయమైనది. రెండు నెలలు గడిచేసరికి ముఖం ఉబ్బినది, రక్తంలో చక్కెర పెరిగినది. చూర్ణంలో స్టెరాయిడ్ మందు కలిసి ఉండవచ్చునని వైద్యులు అనుమానించారు. వాతహర మూలికలు సాధారణంగా నెమ్మదిగా గుణమిచ్చునవి. అంత వేగమే మమ్ము హెచ్చరించవలసినది.

మరి పొడిలో దాగిన మందును పట్టుకొనుట ఎట్లు? తడి కాగితంపై సిరాబొట్టు పడిన రంగులు విడివడి ప్రాకుట మనమందరం చూచినదే. థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ ఆ సూత్రముపైననే నడుచును. సిలికా పలుచగా పూసిన పలకపై చూర్ణపు కషాయాన్ని చుక్కగా పెట్టి, అంచును ద్రావకంలో ముంచుతారు. ద్రావకం పైకి ప్రాకుతూ ఒక్కొక్క పదార్థాన్ని ఒక్కొక్క ఎత్తున నిలుపును. 1938లో ఇజ్మైలోవ్, ష్రైబర్ అను శాస్త్రజ్ఞులు ఈ విధానాన్ని తొలుత ఔషధ మొక్కల సారాలను పరీక్షించుటకే వాడారు. మన ఆయుర్వేద ఫార్మకోపియా కూడ అనేక మూలికలకు ఈ పరీక్షను నిర్దేశించినది.

అయితే వేరువేరు పదార్థాలు ఒకే ఎత్తున నిలువవచ్చును. అందుచేత ఆ చుక్కను ద్రావకంతో కడిగి మాస్ స్పెక్ట్రోమీటరులోనికి పంపుతారు. అది అణువులకు విద్యుదావేశమిచ్చి వాటి భారాన్ని తెలుపును. డెక్సామెథసోన్ అణుభారం సుమారు 392. భారమొక్కటే చాలునా అంటే, చాలదు. ప్రెడ్నిసొలోన్, కార్టిసోన్ రెండింటి అణుభారమూ సుమారు 360; కాని పలకపై అవి నిలిచే ఎత్తులు వేరు. స్థానము, భారము రెండూ కలిసి సాక్ష్యమిచ్చినప్పుడే నిర్ధారణ బలపడును. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వంటి చోట్ల మాస్ స్పెక్ట్రోమెట్రీ సాధనాలు ఉన్నవి.

ఇంటిలో ఈ పరీక్ష చేయుట సాధ్యం కాదు గనుక పాఠకులు కొన్ని జాగ్రత్తలు పాటించగలరు. తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, మూలికల వివరం లేని పొట్లాలను కొనరాదు. ఒకటి రెండు దినాలలోనే అద్భుత గుణం కనిపించిన వైద్యునికి చూపవలెను. చాలా దినాలుగా వాడుతున్నవారు హఠాత్తుగా మానరాదు. స్టెరాయిడ్ ఉన్నచో అది ప్రమాదకరం. మా పెద్దమ్మగారికి వైద్యులు క్రమక్రమంగా మాన్పించారు. మిగిలిన పొట్లాన్ని పారవేయక వైద్యునికి చూపుడు. పరీక్షకు ఆధారం అదియే.