తేనె రాస్తే పుండు మానుతుందా?

పోయిన సంక్రాంతికి అరిసెలు వేయిస్తుంటే కాగిన నూనె చిట్లి మణికట్టు మీద పడింది. "అమ్మా!" అన్నానో లేదో, మా అత్తయ్య తేనె సీసా పట్టుకొచ్చేశారు. "ముందు నీళ్లు అత్తయ్యా" అంటూ 20 నిమిషాలు కుళాయి కిందే చెయ్యి పెట్టుకున్నాను. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకున్నారు. "మా పుట్టింట్లో దీంతో ఎన్ని దెబ్బలు మానలేదూ!" అని గొణిగారు.

ఆ మాటలో నిజం లేకపోలేదు. పుళ్లకు తేనె, నెయ్యి వాడమని సుశ్రుతుడే చెప్పాడు. 1991లో షోలాపూర్ సర్జన్ డాక్టర్ ఎం.సుబ్రహ్మణ్యం కాలిన గాయాలున్న 104 మందిలో సగం మందికి తేనె, సగం మందికి సిల్వర్ సల్ఫాడయజిన్ మందు వాడి చూశారు. తేనె కట్టినవాళ్లకే త్వరగా మానింది.

ఎందుకంటారా? తేనెలో అయిదింట నాలుగు వంతులు చక్కెరలే. ఆవకాయను ఉప్పు కాపాడినట్టే, ఈ చక్కెర సూక్ష్మజీవుల్లోని నీటిని లాగేస్తుంది. తేనెకున్న ఆమ్లగుణం కూడా వాటికి గిట్టదు. తేనెటీగ కలిపిన ఓ ఎంజైము, గాయం చెమ్మ తగలగానే హైడ్రోజన్ పెరాక్సైడును కొద్దికొద్దిగా తయారుచేస్తుంది. తేనెను బాగా వేడిచేస్తే ఆ ఎంజైము పనిచెయ్యదు.

అయితే వంటింటి తేనె వేరు, వైద్యానికి వాడే తేనె వేరు. దాన్ని గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. మన సీసాలో ప్రమాదకరమైన బాక్టీరియా బీజాలుండొచ్చు. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించొద్దనేది అందుకే. పైగా కల్తీ ఒకటి! 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్లు పరీక్ష చేయిస్తే, అన్ని పరీక్షల్లోనూ నెగ్గినవి మూడే.

ఇదంతా నేను తెలుసుకున్నది వేసవిలో. అత్తయ్యకు షుగరు. చెప్పు కరిచి కాలి వేలు పుండయితే, మాకు చెప్పకుండా వారం రోజులు తేనె రాసుకున్నారు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గి నొప్పే తెలియలేదట. వాసన వస్తే నేను చూశాను. "ఇంకాస్త ఆలస్యమైతే వేలు తీసెయ్యాల్సొచ్చేది" అన్నారు డాక్టరుగారు. పుండు శుభ్రం చేసి, యాంటీబయాటిక్స్ ఇచ్చాక నెలకు మానింది. తప్పు తేనెది కాదు, తేనె ఉందిలే అన్న ధీమాది.

కాబట్టి చిన్నపాటి కాలుడైతే ముందు చల్లటి నీళ్లు. లోతైన గాయమైనా, ముఖం కాలినా, షుగరున్నవాళ్ల కాలికి చిన్న గీత పడినా డాక్టరు దగ్గరికే.

ఇప్పుడు అత్తయ్య రోజూ పడుకునేముందు పాదాలు చూసుకుంటున్నారు. కళ్లజోడు కనబడకపోతే నన్ను పిలుస్తారు.