పథ్యపు దినములు, పెరటి చుట్టములు

జ్వరము విడిచిన నాటికిని, మనిషి లేచి తన పనికి పోవు నాటికిని నడుమ కొన్ని వారములు మిగులును. వాటిని పథ్యపు దినములందుము. వ్యాధి ముదిరియున్నపుడు ఇంటిల్లిపాదియు మంచము చుట్టు నుందురు. అది తగ్గగానే ఎవరి పనులకు వారు పోవుదురు. తప్పు పట్టరాదు, చెరకు గానుగయు మామిడి కోతయు ఎవరి కొఱకును ఆగవు కదా. మంచము మీది వానికి మిగులునవి మందు వేళలు, జావ వేళలు, పైకప్పు దూలములు. ఆ వారములను గూర్చి శ్రోతలకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

మన చిత్తూరు సీమ వారికి ఈ విషయము కొత్తది కాదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయ చికిత్సాలయము నెలకొన్నది. దాని తొలి అధిపతి డెన్మార్కు దేశీయుడగు వైద్యుడు ఫ్రిమొట్ మొల్లర్. క్షయకు తగిన మందు లేని ఆ కాలమున విశ్రాంతి, పుష్టినిచ్చు ఆహారము, మంచి గాలి, ఇవియే ముఖ్య చికిత్స. ఇంగ్లండున 1905లో తెరువబడిన ఫ్రిమ్లీ చికిత్సాలయమున మార్కస్ పాటర్సన్ అను వైద్యుడు కోలుకొనువారిచే మొదట నడక, పిదప బుట్ట మోయుట, ఆ పిదప పార పట్టుట అను వరుసలో మెట్టు మెట్టుగా పని చేయించెను.

1940ల నుండి మందులు వచ్చినవి. మదరాసులో 1956లో ఆరంభమైన పరిశోధన ఫలితములు 1959లో వెలువడినవి. ఇంటనే ఉండి మందులు పుచ్చుకొన్నవారు చికిత్సాలయమున ఉన్నవారికి ఇంచుమించు సాటిగా స్వస్థులైరని అందు తేలినది. పేదలకు ఇది గొప్ప వరము. అయితే చికిత్స ఇంటికి వచ్చినది గాని, చికిత్సాలయపు చెట్ల నీడ దాని వెంట రాలేదు. ఇంటి వెనుక ఏమున్నదను ప్రశ్న అప్పటినుండి మన పాలిదైనది.

రోజర్ ఉల్రిచ్ అను అమెరికా పండితుడు 1984లో ఒక వ్యాసము ప్రకటించెను. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగిన 46 మంది వివరములను ఆయన పోల్చి చూచెను. కిటికీ నుండి చెట్లు కానవచ్చిన 23 మంది సగటున 7.96 దినములకును, ఇటుక గోడ మాత్రము కానవచ్చిన 23 మంది 8.70 దినములకును ఇంటికి పోయిరి. చెట్లు చూచినవారు ఘాటైన నొప్పి మందులను తక్కువగా కోరిరి. ఇంత చిన్న లెక్క మీద పెద్ద సిద్ధాంతము కట్టరాదు. చెట్టు మందునకు బదులును కాదు. అయినను మంచమును గోడ వైపు త్రిప్పి వేయుటకు ముందు ఒకసారి ఆలోచింపవచ్చును.

ఐరాలలో మా యింటి వెనుక నున్నది గొప్ప తోట కాదు. ఒక వేప, ఒక నిమ్మ, ఒక కరివేప, తొట్టి ప్రక్కన మందార, దడి మీద కాకర పాదు, దడి మూల ఎవరును నాటని జిల్లేడు. విషజ్వరము పిమ్మట నెలన్నర దినములు ఆ వైపు తలుపు చెంత నులక మంచము వేయించుకొని యుంటిమి. మొదటి వారమున కాకియు ఉడుతయు తప్ప మరేమియు కానరాలేదు. చూపునకు కూడ ఓపిక రావలయును. రెండవ వారమున, కరివేపాకు మీది పిట్టరెట్ట ఒకటి కదలినది!

అది నిమ్మ జాతి చెట్లపై బ్రతుకు సీతాకోకచిలుక పిల్ల. చిన్ననాడు రెట్ట రూపున నుండి పిట్టలను ఏమార్చును. పెరిగిన పిదప ఆకుపచ్చనై ఆకులలో కలిసిపోవును. తాకినచో తల వెనుక నుండి ఎఱ్ఱని కొమ్ముల వంటివి చాచి ఘాటైన వాసన వదలును. అటుపిమ్మట కొమ్మకు పట్టుదారము చుట్టి, మోకు కట్టుకొని తాటిచెట్టున వెనుకకు వాలిన గీతవాని వలె నిలిచి, గూడుగా మారును. గ్రుడ్డు మొదలు రెక్కల వఱకు సుమారు ఒక నెల. కరివేపాకు పాడగుచున్నదని ఇంటివారు చీపురు పట్టుకొని రాగా, ఒక కొమ్మ పురుగునకును తక్కిన చెట్టు తాళింపునకును అని ఒడంబడిక చేసికొంటిమి. అంతవఱకు మా చింత అంతయు రేపటి జావలో ఉప్పు పడునా పడదా యనియే. నాటినుండి తెల్లవారగానే గూడు పగిలినదా యని అడుగుచుంటిమి. పగిలిన దినమున నలుపు పసుపు రెక్కలు ఆరబెట్టుకొనుచున్న ఆ ప్రాణిని చూచుటకు, గోడ పట్టుకొని పది అడుగులు నడచితిమి. నడువుమని వైద్యుడు చెప్పి అప్పటికి వారమైనది.

జిల్లేటిని పెరికివేయనీయక పోవుటకును కారణము కలదు. నారింజ వన్నె సీతాకోకచిలుక ఒకటి దానిపై గ్రుడ్లు పెట్టును. పిల్లలు ఆ చేదు ఆకు తిని అందలి విషమును ఒంట నిలుపుకొనును. అందుచే పిట్టలు వాటి జోలికి రావు. జిల్లేటి పాలు మాత్రము కంట పడనీయరాదు. మందారకు తేనెపిట్ట వచ్చును. సాలెగూటి పోగులతో సంచి వంటి గూడు అల్లునది ఆడుపిట్టయే, మగపిట్ట పాడుచుండును. దీనిపై మా యింటి ఆడువారి వ్యాఖ్యానము ఇచట వ్రాయము.

కోలుకొనువాడు దినమంతయు పుచ్చుకొనువాడే. జావ, మందు, పక్క, లేవదీయు చేయి, అన్నియు ఇతరులు ఇచ్చునవే. దేహము నీరసముకంటె ఈ పరాధీనత మనసును ఎక్కువగా కుంగదీయును. పెరటిలో మూకుడు పెట్టి చెంబెడు నీరు పోసిన దినమున అతడు మరల ఇచ్చువాడగును. పాటర్సన్ బుట్టయు పారయు మనకు అక్కరలేదు. చెంబు, ఆ పైన బిందె చాలును.

కొన్ని జాగ్రత్తలు కలవు. ఎండుటాకుల కుప్ప ఇంటికి దూరముగా దడి వద్ద నుండవలెను. పాములు చేరు సీమ మనది. మంచము పొదల ప్రక్కన వేయరాదు. పురుగుల మందు చల్లరాదు. శస్త్రచికిత్స గాయము మానని వారు మట్టిలో చేయి పెట్టరాదు, చూచుట చాలును. మూకుడు లోతు రెండు వ్రేళ్లకు మించక, నడుమ ఒక రాయి యుండవలెను. ప్రతిదినము తోమి నీరు మార్చనిచో దోమలు పెరుగును. పికిలిపిట్టలు జంటగా వచ్చి ముందు త్రాగి పిదప అందులోనే స్నానమాడును గనుక, వేసవిలో సాయంకాలము మరియొక చెంబు పోయవలసి యుండును.