గన్నవరం ఎన్నుకున్న ప్రతిపక్షం

కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య మూడుసార్లు శాసనసభ్యుడు. 1955, 1962, 1978 ఎన్నికల్లో కృష్ణా జిల్లా గన్నవరం నియోజకవర్గం ఆయన్ని గెలిపించింది. అంతకుముందు 1952 నుంచి 1955 దాకా రాజ్యసభలో ఉన్నారు. ఏ సభలో ఉన్నా ఆయన కూర్చున్నది ప్రతిపక్షంలోనే. మంత్రి పదవి చేపట్టలేదు, ఆయన పార్టీ రాష్ట్రంలో అధికారంలోకి రాలేదు. అయినా తెలుగునాట చట్టసభల చరిత్ర రాసేవారు ఆయన పేరు పక్కన పెట్టి ముందుకు సాగలేరు. ఓటరు ఇచ్చిన సీటుతో అధికారం లేకుండా ఎంత పని చేయవచ్చో ఆయన రాజకీయ జీవితం చూపిస్తుంది. ఆ సీటు ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో ఆయన ఎన్నికల రికార్డు చెబుతుంది.

అలగానిపాడు నుంచి అజ్ఞాతం దాకా

సుందరయ్య 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు విడవలూరు మండలంలో ఉంది. ఇంట్లో పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. భూములున్న కుటుంబం. కులాన్ని సూచించే భాగాన్ని పేరులోంచి ఆయనే తీసేసుకున్నారు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతూ 1930లో శాసనోల్లంఘన ఉద్యమంలోకి దూకి, పదిహేడేళ్లకే అరెస్టయ్యారు. జైలు నుంచి వచ్చాక సొంత ఊళ్లో వ్యవసాయ కూలీలను కూడగట్టారు. తర్వాత కమ్యూనిస్టు నాయకుడు అమీర్ హైదర్ ఖాన్ ప్రభావంతో కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చారు. దక్షిణాదిన ఆ పార్టీకి పునాదులు వేసినవారిలో ఆయన ముందువరుసలో ఉంటారు. 1936లో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభ నిర్మాణంలోనూ పాలుపంచుకున్నారు. 1943లో లీలను పెళ్లి చేసుకున్నారు. పార్టీ పనికి అడ్డు రాకూడదని దంపతులిద్దరూ పిల్లలు వద్దనుకున్నారు. వారసత్వంగా వచ్చిన ఆస్తి కూడా ఉద్యమానికే పోయింది.

1946లో మొదలై 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకత్వం వహించినవారిలో ఆయన ఒకరు. ఆ పోరాట చరిత్రను తర్వాత 1972లో పుస్తకంగా వెలువరించారు. 1948 నుంచి పోరాట విరమణ దాకా అజ్ఞాతంలోనే గడిపారు. అదే కాలంలో కృష్ణా జిల్లా పల్లెల మీద మలబారు పోలీసుల నిర్బంధం సాగింది. కాటూరు, యలమర్రు గ్రామాల్లో జనాన్ని బట్టలూడదీయించి గాంధీ విగ్రహం దగ్గరికి నడిపించిన దారుణం ఆ నిర్బంధానికి గుర్తుగా నిలిచిపోయింది. నెల్లూరు మనిషికి కృష్ణా జిల్లా జనం తర్వాత ఓటేయడం వెనుక ఈ నేపథ్యం ఉంది. అప్పటికే ఆ జిల్లాలో రైతు సంఘం, వ్యవసాయ కూలీ సంఘం ఊరూరా వేళ్లూనుకున్నాయి. గన్నవరం ఆయనకు పుట్టినూరు కాదు. పార్టీ బలం, పోరాట బంధం ఆయన్ని అక్కడికి చేర్చాయి.

ఢిల్లీలో మూడేళ్లు

1952 తొలి సార్వత్రిక ఎన్నికల నాటికి తెలుగు జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. ఆంధ్ర ప్రాంతంలోని 140 స్థానాల్లో కమ్యూనిస్టులు 41 గెలిచి కాంగ్రెస్‌తో సమానంగా నిలబడ్డారు. నిన్నటిదాకా నిషేధం కింద ఉన్న పార్టీకి అది పెద్ద విజయం. ఆ శాసనసభ్యుల ఓట్లతోనే సుందరయ్య రాజ్యసభకు వెళ్లారు. అక్కడ కమ్యూనిస్టు పక్షానికి నాయకుడయ్యారు.

ఢిల్లీలో ఆయన పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారు. హైదరాబాద్‌లో అసెంబ్లీకి వెళ్లే రోజుల్లోనూ సైకిలే వాహనం. ఈ విషయం ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. జనం ఎలా తిరుగుతారో వారి ప్రతినిధీ అలాగే తిరగాలన్న నమ్మకంతో ఆయన ఈ పద్ధతి ఎంచుకున్నారు. పదవితో వచ్చిన సదుపాయాలను సొంతానికి వాడుకోకుండా జీవితాంతం నిలబడ్డారు.

రాజ్యసభ రోజుల్లో తెలుగువారి ముందున్న పెద్ద ప్రశ్న భాషా ప్రయుక్త రాష్ట్రం. తెలుగు మాట్లాడే ప్రాంతాలన్నీ ఒకే రాష్ట్రంగా ఉండాలన్నది కమ్యూనిస్టుల పాత డిమాండ్. దాన్ని వివరిస్తూ సుందరయ్య 1946లోనే ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ రాశారు. రాష్ట్రం కావాలని అడగడంతో ఊరుకోక, వచ్చిన రాష్ట్రంలో నదుల నీళ్లు, భూములు, పరిశ్రమలు ఎలా ఉండాలో అందులో లెక్కలతో చర్చించారు. ఆయన చట్టసభ ప్రసంగాలకు ఈ లెక్కల అలవాటే వెన్నెముక.

1955: ఓట్లు పెరిగాయి, సీట్లు పోయాయి

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మరుసటి ఏడాది నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం వివాదంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. ఈసారి అధికారం తమదేనని కమ్యూనిస్టులు నమ్మారు. దేశం కూడా ఆ ఎన్నిక వైపు చూసింది. సుందరయ్య రాజ్యసభ వదిలి గన్నవరంలో పోటీకి దిగారు.

కాంగ్రెస్ ఈ ఎన్నికను చావోరేవోగా తీసుకుంది. ఎన్.జి. రంగా కృషికార్ లోక్ పార్టీని, ప్రకాశం ప్రజా పార్టీని కలుపుకొని ఐక్య కాంగ్రెస్ ఫ్రంట్ కట్టింది. 1952లో నలుగురైదుగురు పోటీ పడి ఓట్లు చీలిన చోట్ల ఇప్పుడు ముఖాముఖి పోటీ వచ్చింది. జనవరిలో జరిగిన ఆవడి కాంగ్రెస్ మహాసభ సోషలిస్టు తరహా సమాజమే లక్ష్యమని తీర్మానించింది. దాంతో కమ్యూనిస్టుల నినాదానికి పదును తగ్గింది. అదే నెలలో మాస్కో పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ ప్రచారకులకు అది అంది వచ్చిన ఆయుధమైంది. పెద్ద దినపత్రికలు కూడా కమ్యూనిస్టులకు వ్యతిరేకంగానే రాశాయి.

మొత్తం 196 స్థానాల్లో ఫ్రంట్ 146 గెలుచుకుంది. కమ్యూనిస్టులకు దక్కినవి 15. వారి ఓట్ల వాటా మాత్రం 1952 కంటే పెరిగి 31 శాతానికి చేరింది. మూడో వంతుకు దగ్గరగా ఓట్లు వచ్చిన పార్టీకి సభలో పదమూడో వంతు సీట్లు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే మన ఎన్నికల పద్ధతిలో ప్రత్యర్థులంతా ఏకమైతే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు. ఆ 15 మందిలో గన్నవరం నుంచి వచ్చిన సుందరయ్య ఒకరు. సభలో ప్రతిపక్ష నాయకత్వం ఆయన మీద పడింది.

కర్నూలులోనూ, హైదరాబాద్‌లోనూ

ప్రభుత్వ కార్యాలయాలు గుడారాల్లో నడిచిన కర్నూలులో కొత్త సభ కొలువైంది. ముఖ్యమంత్రి బెజవాడ గోపాలరెడ్డి, ప్రతిపక్ష నాయకుడు సుందరయ్య ఇద్దరూ నెల్లూరు జిల్లావారే. ఇద్దరూ జాతీయోద్యమం నుంచి వచ్చినవారే. ఒకే నేల, ఒకే ఉద్యమం రెండు భిన్న దారులుగా చీలి ఎదురెదురు బల్లల మీద కూర్చోవడం ఆ కాలపు తెలుగు రాజకీయానికి అద్దం పడుతుంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సభ హైదరాబాద్‌కు మారింది. తెలంగాణ సభ్యులు కూడా చేరడంతో ప్రతిపక్షానికి బలం పెరిగింది.

సభలో సుందరయ్య ఎక్కువగా పట్టించుకున్నవి రెండు: నీళ్లు, భూమి. కృష్ణా, గోదావరి జలాల్లో ఎంత వాడుతున్నాం, ఎంత సముద్రంలో కలుస్తోంది, ఏ ప్రాజెక్టు కింద ఎన్ని ఎకరాలు తడుస్తాయి అన్నది ఆయనకు కంఠతా ఉండేది. ప్రభుత్వ నివేదికలు తెప్పించుకుని, చదివి, తన లెక్కతో సరిచూసుకుని లేచేవారు. కోస్తా డెల్టా నుంచి గెలిచిన ఎమ్మెల్యే అయినా రాయలసీమకు, తెలంగాణకు రావాల్సిన నీటి గురించీ మాట్లాడారు.

భూమి విషయంలో ఆయన వాదన సూటిగా ఉండేది: దున్నేవాడికి భూమి దక్కాలి, పరిమితి నిజమైన పరిమితిగా ఉండాలి. 1961లో వచ్చిన భూపరిమితి చట్టం నేల రకాన్ని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఒక్కొక్కరి చేతిలో ఉంచుకోవచ్చంది. ఇంత వదులైన చట్టంతో మిగులు భూమి పెద్దగా తేలదని కమ్యూనిస్టులు ముందే హెచ్చరించారు. జరిగిందీ అదే. పన్నెండేళ్ల తర్వాత 1973లో ప్రభుత్వమే మరో భూసంస్కరణల చట్టం తేవాల్సి వచ్చింది. ప్రతిపక్షం మాట ఓటింగులో ఓడిపోయినా కాలం దాన్ని నిలబెట్టిన సందర్భాల్లో ఇది ఒకటి.

1962 ఎన్నికల్లో గన్నవరం ఆయన్ని మళ్లీ గెలిపించింది. రాష్ట్రంలోని 300 స్థానాల్లో కాంగ్రెస్‌కు 177, కమ్యూనిస్టులకు 51 వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ అందుకున్న శిఖరం అదే.

చీలిక, నిర్బంధం, ఎదురుగాలి

రెండేళ్లు తిరక్కుండానే పార్టీ నిలువునా చీలింది. 1964 ఏప్రిల్‌లో జాతీయ సమితి సమావేశం నుంచి బయటికి నడిచిన 32 మందిలో సుందరయ్య ఉన్నారు. ఆ ఏడాది చివర్లో కలకత్తా మహాసభలో ఏర్పడిన కొత్త పార్టీ సీపీఎంకు ఆయనే తొలి ప్రధాన కార్యదర్శి. డిసెంబరులో దేశమంతటా ఆ పార్టీ నాయకులను ప్రభుత్వం నిర్బంధంలోకి తీసుకుంది. గన్నవరం ఎమ్మెల్యే జైలు గోడల వెనక్కి వెళ్లారు.

చీలిక ఖరీదు 1967లో తెలిసింది. సీపీఐ, సీపీఎం వేర్వేరుగా పోటీ చేశాయి. సీపీఎంకు వచ్చినవి 9 స్థానాలు. గన్నవరం కాంగ్రెస్ చేతిలోకి వెళ్లింది. మరుసటి ఏడాది పాలకొల్లులో జరిగిన సీపీఎం రాష్ట్ర ప్లీనం తర్వాత తరిమెల నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు తదితరులు పార్టీని వీడారు. రాష్ట్రంలో కార్యకర్తల్లో పెద్ద భాగం వారి వెంట నడిచింది. 1972 ఎన్నికల్లో సీపీఎం ఒకే ఒక్క స్థానానికి దిగజారింది. ఒకే చెట్టు కొమ్మలు విడివిడిగా ఎండినట్లు, పదేళ్లలో 51 స్థానాల బలం చెల్లాచెదురైంది.

ఆ బలహీన స్థితిలోనూ జనాదరణ కోసం సుందరయ్య అభిప్రాయం మార్చుకోలేదు. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచినప్పుడు, 1972-73లో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమం కోస్తాను ఊపేసినప్పుడు సీపీఎం సమైక్య రాష్ట్రం పక్షానే నిలబడింది. కృష్ణా జిల్లా జై ఆంధ్ర ఉద్యమానికి కేంద్రం. సొంత ఓటర్లలో చాలామంది ఒకవైపు ఉంటే నాయకుడు రెండోవైపు నిలవడం రాజకీయాల్లో తేలిక కాదు. ఆ వైఖరిని తప్పుపట్టేవారున్నారు, ఇప్పటికీ ఉంటారు. చెప్పదలచుకున్నది దాచకుండా చెప్పాడన్న గౌరవం మాత్రం ఆయనకు దక్కింది.

ఎమర్జెన్సీ కాలంలో సొంత పార్టీలోనూ ఆయన అదే పద్ధతి పాటించారు. జనసంఘ్‌తో కలిసి ఉద్యమించడాన్ని వ్యతిరేకిస్తూ, పార్టీ పంథాపై తన విభేదాలను వివరంగా రాసి ప్రధాన కార్యదర్శి పదవికి రాజీనామా చేశారు. ఆ బాధ్యత తర్వాత ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ చేపట్టారు. సుందరయ్య పార్టీని వదల్లేదు. రాష్ట్రానికి తిరిగొచ్చి పని చేశారు.

1978: మళ్లీ గన్నవరం

1978 ఫిబ్రవరి ఎన్నికల్లో 64 ఏళ్ల సుందరయ్య గన్నవరంలో మూడోసారి గెలిచారు. దివిసీమ ఉప్పెన జిల్లాను ముంచేసి అప్పటికి మూడు నెలలే. రాష్ట్రంలో ఇందిరా కాంగ్రెస్ 294 స్థానాల్లో 175 గెలిచింది. జనతా పార్టీకి 60, సీపీఎంకు 8, సీపీఐకి 6 వచ్చాయి. కాంగ్రెస్ గాలి అంత బలంగా వీచిన ఏడాదిలో, జై ఆంధ్ర వేడి చల్లారి ఐదేళ్లు నిండే సమయంలో, సమైక్యవాదిని కోస్తా ఓటరు ఎన్నుకోవడం గమనించదగ్గ విషయం. పార్టీ బలం మాత్రమే చూస్తే ఈ గెలుపు అర్థం కాదు. పదహారేళ్ల క్రితం ఓటేసిన మనిషి మీద నమ్మకం ఇందులో ఉంది.

ఆ సభ ఐదేళ్లలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి అనే నలుగురు ముఖ్యమంత్రులను చూసింది. అధికార పక్షంలో కుర్చీలాట సాగుతుంటే సుందరయ్య చర్చను నీటిపారుదల, వ్యవసాయ కూలీల వేతనాల వైపు లాగేవారు. 1983లో తెలుగుదేశం ప్రభంజనంలో గన్నవరం ఆ పార్టీ వశమైంది. ఆ తర్వాత అక్కడ కమ్యూనిస్టు అభ్యర్థి గెలవలేదు.

ఎన్నికల రికార్డు క్లుప్తంగా

1952: మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకు ఎన్నిక, సీపీఐ.
1955: గన్నవరం, ఆంధ్ర రాష్ట్ర శాసనసభ, సీపీఐ, గెలుపు. పార్టీకి 196లో 15.
1962: గన్నవరం, ఆంధ్రప్రదేశ్ శాసనసభ, సీపీఐ, గెలుపు. పార్టీకి 300లో 51.
1978: గన్నవరం, ఆంధ్రప్రదేశ్ శాసనసభ, సీపీఎం, గెలుపు. పార్టీకి 294లో 8.

మిగిల్చినది

సుందరయ్య 1985 మే 19న మద్రాసులో మరణించారు. ఆయన పేరిట హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో వెలసిన సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని గ్రంథాలయానికి ఆయన సేకరించుకున్న పుస్తకాలే మొదటి పెట్టుబడి.

ఆయన రాజకీయాల్లో విఫలమైనవీ ఉన్నాయి. 1955లో చేతికందిందనుకున్న అధికారం అందలేదు, 1962లో పెరిగిన పార్టీ చీలికలతో చితికిపోయింది, కట్టాలనుకున్న విశాలాంధ్ర 2014లో రెండు రాష్ట్రాలైంది. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఒక విషయం చెక్కుచెదరదు. చట్టసభలో ప్రతిపక్ష సభ్యుడి పని అరుపులతో సరిపోదని, చదవాలని, లెక్క కట్టాలని, ఊళ్లు తిరగాలని, ఓటరుకు నచ్చనిదైనా నమ్మింది చెప్పాలని ఆయన చేసి చూపించారు. సభ్యులు సభకు రావడమే మానేస్తున్న రోజుల్లో, బడ్జెట్ పద్దులు చర్చ లేకుండానే ఆమోదం పొందుతున్న రోజుల్లో, శాసనసభ్యుడు కావాలనుకునే ఎవరైనా ముందుగా చదవాల్సిన పాఠం ఇదే.