పొద్దున రాసింది గేమ్స్ పీరియడ్ దాకా ఉంటుందా?



హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ఉన్న ప్రాంతం మనది. మేడ్చల్, శామీర్‌పేట పిల్లలకు ఆటల పిచ్చి ఉండటంలో వింతేముంది! కానీ ఉదయం ఏడింటికి బస్సెక్కే ముందు మీరు రాసిన సన్‌స్క్రీన్ మధ్యాహ్నం మూడింటి క్రికెట్ దాకా నిలవదు. ఎస్‌పీఎఫ్ అంకె పెద్దదైతే ఎక్కువసేపు ఉంటుందనుకోవద్దు. యూవీబీ కిరణాల్లో 30 రకం దాదాపు 97 శాతం ఆపితే, 50 రకం 98 శాతం ఆపుతుంది, అంతే. ఏదైనా ఎండలో రెండు గంటలకోసారి, బాగా చెమట పడితే ఇంకా ముందే మళ్లీ రాయాలి. కిట్ బ్యాగులో చిన్న ట్యూబ్ పెట్టండి. ఆటకు ఇరవై నిమిషాల ముందు రాసుకోవడం ఇంట్లోనే నేర్పండి. చెవులు, మెడ వెనుక భాగం తప్పకుండా గుర్తుచేయండి, క్యాప్ వాటిని కప్పదు. జూన్‌లో మబ్బు పట్టినా ఈ కిరణాలు కిందికి దిగుతూనే ఉంటాయి.

"నల్లబడతావు" అని మాత్రం భయపెట్టకండి. రంగు గురించి కాదు, చర్మం కమిలి మంటపుట్టడం గురించి చెప్పండి. క్రీమ్ అంటే అస్సలు పడని పిల్లలకు ఫుల్‌హ్యాండ్స్ టీషర్టు, వెడల్పు అంచు టోపీ ఇవ్వండి.