ఐసీయూ నుంచి వచ్చాక కాళ్లు చేతులు లేవడం లేదా? అది పక్షవాతమే కానక్కర్లేదు

న్యుమోనియా వచ్చో, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకో కర్నూలు, కడప పెద్దాసుపత్రుల్లో వెంటిలేటర్ మీద ఉండి బయటపడ్డ పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. జ్వరం తగ్గుతుంది, రిపోర్టులు బాగుంటాయి. కానీ అవ్వ చెంబు ఎత్తలేదు, తాత మంచం మీంచి లేవలేడు. ఇంట్లోవాళ్లు "పక్షవాతం వచ్చిందేమో" అని హడలిపోతారు.

ఇది ఐసీయూలో వచ్చే కండరాల, నరాల బలహీనత. ఒళ్లంతా ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు నరాలు, కండరాలు రెండూ దెబ్బతింటాయి. పైగా కదలకుండా పడుకుంటే కండ వేగంగా కరుగుతుంది. ఐసీయూ రోగులను పరిశీలించిన ఒక అధ్యయనంలో (2013) 10 రోజులకే తొడ కండరం సుమారు 18 శాతం తగ్గింది. వయసు మీద పడ్డవాళ్లకు ముందే కండ తక్కువ. షుగర్ అదుపులో లేకపోతే ఇంకా కష్టం.

తేడా ఎలా తెలుస్తుంది? ఈ బలహీనత రెండు వైపులా సమానంగా ఉంటుంది, ముఖం సాధారణంగా బాగానే ఉంటుంది. ఒక పక్కే పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

దీనికి ప్రత్యేకమైన మందు, ఇంజెక్షన్ లేవు. బలం ఇంజెక్షన్ల కోసం డబ్బు పోగొట్టుకోకండి. డాక్టర్ సరేనంటే ఐసీయూలో ఉండగానే కాళ్లు చేతులు ఆడించడం మొదలుపెట్టాలి. డిశ్చార్జికి ముందే ఫిజియోథెరపిస్టును అడిగి, ఇంట్లో ఏం చేయించాలో నేర్చుకోండి. నులకమంచం కుంగుతుంది, దాని మీంచి లేవడం కష్టం. గట్టి మంచం, చేతులున్న కుర్చీ వాడండి. పప్పు, గుడ్డు, పాలు, ఉలవలు పెట్టండి, కిడ్నీ జబ్బుంటే డాక్టర్‌ను అడిగాకే. కూర్చోబెట్టే తినిపించాలి, పొలమారితే ఆపేయండి. కోలుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. కొందరికి పూర్తిగా తగ్గదు.

ఎన్టీఆర్ వైద్యసేవలో చేరినవారికి డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు ప్యాకేజీలోనే ఉంటాయి. ఆ చికిత్స వల్ల 30 రోజుల్లోపు వచ్చే ఇబ్బందులూ అందులోకే వస్తాయి. అందుకే డిశ్చార్జి కాగితాలు పారేయకండి, ఆసుపత్రిలోని వైద్యమిత్రను కలవండి. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, ఏడాదికి 5 లక్షల వరకు.

ఎన్టీఆర్ భరోసాలో నెలకు 15,000 పింఛను, పక్షవాతంతో మంచానికో వీల్‌ఛైర్‌కో పరిమితమైనవారికి. ఈ బలహీనతను పక్షవాతం అనుకుని దళారికి డబ్బు ఇవ్వకండి. సందేహం ఉంటే 104కి ఫోన్ చేయండి.